ప్రకృతిభూముల శాశ్వత రక్షణము: చట్టచరిత్రలో ఒక సమస్య

తన అడవిని గాని, కొండవాలును గాని నఱకక, కట్టక, యథాస్థితిలో నిలుపుకొనుటకు యజమానికి ఎవరి అనుమతియు అక్కఱలేదు. సమస్య అతని మరణానంతరము పుట్టును. వారసుడు అమ్మవచ్చును, కొన్నవాడు కట్టవచ్చును. ఆస్తి చేతులు మాఱినను సంకల్పము మాఱకుండుటకు ఇంగ్లండు, అమెరికా దేశముల న్యాయశాస్త్రము కనుగొన్న మార్గములను, భారతదేశమున వానికి గల అవకాశమును ఈ వ్యాసమున సంగ్రహముగా పరిశీలింపదలచితిమి.

ఈ చరిత్రలో మొదట చెప్పదగినది లండను నగరమందలి లీసెస్టర్ స్క్వేర్ ఉద్యానము. 1808లో టల్క్ అను యజమాని, చుట్టునున్న తన ఇండ్లలో కొన్నిటిని ఉంచుకొని, ఆ తోటను అమ్మెను. అందు కట్టడములు లేపరాదని కొన్నవానితో ఒడంబడిక వ్రాయించుకొనెను. తోట చేతులు మాఱి తుదకు మాక్సే అను నతనికి చేరెను. అతడు ఒడంబడిక సంగతి ఎఱిగియు కట్టడమునకు పూనుకొనెను. తెలిసి కొన్నవాడు దానిని మీఱరాదని 1848లో లార్డ్ కాటెన్‌హామ్ తీర్పు చెప్పెను. మనుష్యుల నడుమ జరిగిన ఒప్పందము భూమిని అంటియుండుటకు ఇట్లు మార్గమేర్పడెను.

కాని ఇందొక కొఱత కలదు. 1914లో లండను కౌంటీ కౌన్సిలుకును అలెన్‌కును జరిగిన వ్యాజ్యములో, వీధికై ఉద్దేశించిన స్థలమున కట్టరాదని వ్రాయించుకొన్న కౌన్సిలుకు ప్రక్కన సొంత భూమి లేకపోవుటచే, ఒడంబడిక కొత్త యజమానిని బంధింపలేదు. ప్రకృతిభూమికి ఇదియే చిక్కు. పొరుగువానికి దానిపై శ్రద్ధ ఉండునని చెప్పలేము. శ్రద్ధ గలవానికో, ప్రక్కన భూమి ఉండదు.

రెండవ మార్గము భూమినే మరణములేని సంస్థకు అప్పగించుట. చార్లెస్ ఎలియట్ ప్రేరణచే మసాచుసెట్స్‌లో 1891లో ఇట్టి ధర్మకర్తల సంస్థ ఏర్పడెను. ఇంగ్లండులో ఆక్టేవియా హిల్, రాబర్ట్ హంటర్, హార్డ్విక్ రాన్స్‌లీ అనువారు 1895లో నేషనల్ ట్రస్టును స్థాపించిరి. దానికి మొదట దానముగా వచ్చిన భూమి వేల్సులోని దీనాస్ ఓలై అను కొండచఱియ. తన భూములను అన్యాక్రాంతము కానివిగా ప్రకటించు అధికారమును 1907 నాటి చట్టము ట్రస్టునకు ఇచ్చెను. ప్రక్క భూమి లేకున్నను ఒడంబడికలను అమలుపఱచుకొను అధికారము 1937 నాటి చట్టముచే లభించెను.

ఈ రెండు మార్గముల కలయికయే అమెరికాలోని పరిరక్షణ ఈజుమెంటు. యజమాని భూమిని విడువడు. అందు నివసింపవచ్చును, సాగుచేయవచ్చును, అమ్మవచ్చును. కట్టడములు కట్టు హక్కును, ప్లాట్లుగా విభజించు హక్కును మాత్రము త్యజించి, ఆ నిషేధమును అమలుపఱచు అధికారమును ధర్మసంస్థకు గాని ప్రభుత్వశాఖకు గాని ఇచ్చును. మసాచుసెట్స్ రాష్ట్రము ఇట్టి నిషేధములకు పొరుగుభూమి నియమమును 1969లో తొలగించెను. 1981లో రాష్ట్రములకు ఆదర్శముగా ఒక ఏకరూప చట్టము రచింపబడెను. ఈ త్యాగమునకు ఆదాయపు పన్నులో మినహాయింపు కావలెనన్న, అది శాశ్వతమై యుండవలెనని కేంద్రచట్టము నియమించుచున్నది. అయినను భూమిని అప్పుడప్పుడు చూచివచ్చువారు లేనిచో ఈ పత్రము కాగితముగానే మిగులును.

భారతదేశమున 1882 నాటి ఆస్తి బదిలీ చట్టపు 40వ సెక్షను, సొంత భూమి మేలు కొఱకు పరుని భూవినియోగమును అడ్డగించు హక్కును అంగీకరించుచున్నది. ఆ యేటి ఈజుమెంటుల చట్టమునకును మేలు పొందు భూమి ఒకటి ఉండవలెను. అనగా ఈ విషయమున మన చట్టము లీసెస్టర్ తోట దరినే నిలిచినది. వన్యప్రాణి సంరక్షణ చట్టమునకు 2002లో జరిగిన సవరణ వేఱొక దారి తెఱచెను. వ్యక్తి గాని సమాజము గాని స్వచ్ఛందముగా ముందుకు వచ్చినచో, ఆ భూమిని రాష్ట్రప్రభుత్వము కమ్యూనిటీ రిజర్వుగా ప్రకటింపవచ్చును. పిదప భూవినియోగమును మార్చుటకు నిర్వాహక సంఘపు తీర్మానము, ప్రభుత్వపు ఆమోదము కావలెను. ఇది రక్షణయే గాని, ఆ ఇరువురు సమ్మతించిన నాడు సడలిపోవు రక్షణ.

మన ప్రాచీన శాసనదాతలు ఈ చిక్కును ఎఱుగనివారు కారు. వనమును, తటాకమును సప్తసంతానములలో చేర్చిన ఆ సంప్రదాయము, దానమును ఆచంద్రార్కముగా పలికి, హరించినవానికి పాపఫలమును చెప్పి, పెక్కు తావుల భూమిని దేవునికే అర్పించినది. శాపము భయపడువానినే ఆపును. దేవుడు మాత్రము మరణములేని హక్కుదారు. ఆధునిక న్యాయము శాపమును విడిచి, మరణములేని హక్కుదారును నిలుపుకొన్నది. కావున ప్రకృతిభూమి శాశ్వతత్వము యజమాని సంకల్పబలము కంటె, ఆ సంకల్పమునకు వారసులెవ్వరన్న ప్రశ్నపైననే ఆధారపడియున్నదని మా అభిప్రాయము.