పేరు తప్పిన ద్రాక్షతీగ



కొంతకాలము క్రిందట ఒక మిత్రుని యింట చిలీదేశపు ఎఱ్ఱ ద్రాక్షాసవమును రుచి చూచితిని. వెల స్వల్పమని విని మొదట దానిని చిన్నచూపు చూచితిని. నోటికి నేరేడుపండు వగరు తగిలెను; దాని వెనుకనే పచ్చిమిరపకాయను విరిచినట్టి వాసన వచ్చెను. ఈ పచ్చివాసన యెక్కడిదని యడిగితిని. దాని కొక పెద్ద కథ కలదని మిత్రుడు చెప్పెను. ఆ కథయే నేటి నా ప్రసంగము.

చిలీ దక్షిణామెరికా పడమటి తీరమున త్రాటివలె సాగిన దేశము. స్పెయిను వారు 16వ శతాబ్దమున అచ్చటికి ద్రాక్షను గొనిపోయిరి. ఆ తీగకు పాయిస్ అని పేరు. చిరకాలము దాని రసమే వాడుకలో నుండెను. 1851లో సిల్వెస్ట్రే ఒచగావియా అను భూస్వామి ఫ్రాన్సునుండి మేలుజాతి తీగలను తెప్పించి నాటించెను. ఆ కాలమున వచ్చిన ఫ్రెంచి తీగలలో మెర్లో, కార్మెనేర్ అను రెండు జాతులు కలగలిసిపోయెను.

1860 తరువాత ఫ్రాన్సులో ఫిల్లాక్సెరా అను వేరుపురుగు ప్రవేశించి తోటలకు తోటలనే నాశన మొనర్చెను. అమెరికా ద్రాక్షవేళ్లపై అంటు కట్టుటయే దానికి విరుగుడయ్యెను. తోటలను మరల నాటునప్పుడు బోర్డో రైతులు కార్మెనేరును విడిచిపెట్టిరి. చలియు తేమయు గల వసంతమున దాని పూత రాలిపోవుటయే కారణము. ఆ జాతి యించుమించు అంతరించినదనియే జనులు తలంచిరి.

చిలీకి మాత్రము ఉత్తరమున ఎడారి, తూర్పున ఆండీసు కొండలు, పడమట సముద్రము కోటగోడలై నిలిచినవి. పురుగు ఆ తోటలను పాడుచేయలేదు. నేటికిని అచ్చట పెక్కు తీగలు అంటు లేక స్వంత వేళ్లపైననే పెరుగుచున్నవి. అంటుఖర్చు లేదు, వేసవి పొడిగా నుండుటచే తెగుళ్లు తక్కువ, కొండలమీది మంచు కరగి కాలువలకు నీరు వచ్చును. వెల తగ్గుటకు ఇవి కొన్ని కారణములు.

అయితే అచ్చటి రైతులు కార్మెనేరును కూడ మెర్లో అనియే పిలిచిరి. మెర్లో పండిన మూడు నాలుగు వారములకు గాని కార్మెనేరు పండదు. మనవారు బంగినపల్లి కోసిన దినముననే నీలమును కూడ కోసి ఒకే గంపలో మాగవేసినచో ఎట్లుండునో యోచింపుడు. నేను గమనించిన పచ్చివాసన అట్టిదే.

1994వ సంవత్సరము నవంబరులో ఝాన్ మిషెల్ బుర్సికో అను ఫ్రెంచి ద్రాక్షశాస్త్రజ్ఞుడు మైపో లోయలోని యొక తోటకు వచ్చి, తీగలను నిదానించి చూచి, ఇది మెర్లో కాదు, కార్మెనేర్ అని గుర్తుపట్టెను. 1998లో చిలీ ప్రభుత్వము దానిని వేఱు జాతిగా అంగీకరించెను. పేరుపొందిన మెర్లోను విడిచి, ఎవ్వరును వినని పేరుతో అమ్ముట వర్తకులకు కష్టమే. అయినను క్రమముగా తీగలను వేఱుచేసి, పండువఱకు ఓపికపట్టి కోయసాగిరి.

మిత్రుడు కథ ముగించి రెండవ సీసా తెచ్చెను. అది ఆలస్యముగా కోసిన పండ్లది. వెల మొదటిదానికి మించినది కాదు. పచ్చివాసన మిక్కిలి తగ్గి, పండిన నేరేడు కమ్మదనము నిలిచెను. తీగ అదియే, నేల అదియే. తెలిసికొన్నది పేరు మాత్రమే.

పెద్దలారా, త్రాగుడని చెప్పుటకు నేను రాలేదు. మీ పొలములలో తాతలనాటినుండి ఒకే పేరుతో పిలువబడు విత్తనమున్నచో, దాని ఆకును, పూతను, పండుకాలమును ఒకమారు మరల చూడుడు. పేరు తప్పినచో కోత తప్పును. కోత తప్పినచో ఏండ్లతరబడి పడిన శ్రమకు తగిన ఫలము దక్కదు.