ఒకే గాజుపోగు, తొంభై ఆరు వన్నెలు

2026 జులైకి ఒక పరిశోధన పత్రానికి అరవై ఏళ్లు నిండుతాయి. ఇంగ్లండ్‌లోని హార్లో పట్టణంలో స్టాండర్డ్ టెలికమ్యూనికేషన్ లేబొరేటరీస్‌లో పనిచేసే చార్లెస్ కావో, జార్జ్ హాకమ్ 1966 జులైలో దాన్ని అచ్చు వేయించారు. శుద్ధమైన గాజును సన్నటి పోగుగా తీస్తే, అందులోంచి కాంతి రూపంలో టెలిఫోన్ మాటలు పంపవచ్చని లెక్కగట్టి చూపించారు. అదే 2026లో మరో ముచ్చటకు ముప్పయ్యేళ్లు. 1996లో అమెరికాలోని స్ప్రింట్ అనే టెలిఫోన్ కంపెనీ, ఒకే గాజుపోగులో పదహారు వన్నెల కాంతిని ఒకేసారి పంపే యంత్రాలను తన లైన్ల మీద పెట్టింది. మొదటి సంగతి కావోకు 2009లో నోబెల్ తెచ్చింది, పాఠ్యపుస్తకాల్లోకి ఎక్కింది. రెండోది ఇంజినీర్ల నోళ్లలోనే మిగిలిపోయింది. నాకు మాత్రం ఆ రెండోదే మక్కువ. రోడ్డు తవ్వకుండా, కొత్త కేబుల్ వేయకుండా, మట్టిలో ఉన్న పాత పోగు చేతనే వందల రెట్లు పని చేయించిన కథ అది.

వెలుతురుతో కబురు పంపడం చాలా పాతది. కొండల మీద మంటలు వేసి శత్రువు రాకను చెప్పిన కాలాలకు తేదీలు లేవు. తేదీ దొరికేది ఫ్రాన్స్‌లో. 1794లో క్లాడ్ షాప్ పారిస్ నుంచి లీల్ దాకా ఎత్తయిన బురుజులు నిలబెట్టి, వాటి మీద కొయ్య చేతులు ఆడించి, దుర్భిణీతో చూసి అందుకునే ఏర్పాటు చేశాడు. మబ్బు పడితే కబురు ఆగిపోయేది. ఆ తర్వాత కరెంటు వచ్చింది. మన దేశంలో విలియం ఓషానెసీ 1839లో కలకత్తాలో తీగ మీద సంకేతాలు పంపి చూశాడు. 1851కల్లా కలకత్తా నుంచి డైమండ్ హార్బర్‌కు టెలిగ్రాఫ్ నడిచింది.

తీగ వేసిన మర్నాటి నుంచే వ్యాపారుల అవసరం తీగను మించిపోయింది. పత్తి ధర, ఓడ రాక, బ్యాంకు హుండీ, అన్నీ ఆ ఒక్క తీగ మీదే వెళ్లాలి. పక్కన రెండో తీగ వేయడానికి డబ్బు కావాలి. అందుకే 1870లలో తెలివైనవాళ్లంతా ఒకే ప్రశ్న పట్టుకున్నారు: ఉన్న తీగ మీదే రెండో కబురు పంపలేమా? ఎడిసన్ 1874లో ఒకే తీగ మీద నాలుగు కబుర్లు పంపే పద్ధతి కనిపెట్టాడు. అలెగ్జాండర్ గ్రాహం బెల్ ఇంకో దారి పట్టాడు. ఒక్కో కబురును ఒక్కో శ్రుతిలో పంపితే, అవతలి వైపు ఏ శ్రుతికి ఆ శ్రుతి విడదీసుకోవచ్చని అతని ఊహ. పెళ్లిపందిట్లో సన్నాయి, డోలు ఒకే గాలిలో కలిసి వచ్చినా మన చెవి రెండింటినీ విడిగా పట్టుకున్నట్టే. ఆ ప్రయత్నంలో ఉండగానే టెలిఫోన్ పుట్టింది. ఒకే గాజుపోగులో పలు వన్నెలు పంపాలన్న ఆలోచనకు నేను మూలపురుషుడిగా చూసేది ఈ బెల్‌నే. ఎందుకంటే అతను అక్కడితో ఆగలేదు. 1880లో వాషింగ్టన్‌లో ఒక బడి కప్పు మీద నుంచి సూర్యకాంతి మీద మాటను ఎక్కించి, రెండు వందల మీటర్ల అవతల ఉన్న తన ప్రయోగశాలకు పంపించాడు. దానికి ఫోటోఫోన్ అని పేరు పెట్టాడు. టెలిఫోన్ కంటే ఇదే గొప్పదని చివరిదాకా నమ్మాడు.

నమ్మకం నిజమే, కాలమే కలిసిరాలేదు. గాలిలో కాంతి వానకు, పొగమంచుకు ఓడిపోతుంది. వంపు తిరిగిన నీటిధారలోనే కాంతి ప్రయాణించగలదని స్విట్జర్లాండ్‌లో కొలడాన్ 1841లోనే చూపించాడు. కానీ నీటి స్థానంలో గాజును పెట్టడానికి వంద ఏళ్లు పైనే పట్టింది. పంజాబ్‌లోని మోగాలో పుట్టిన నరిందర్ సింగ్ కపానీ, లండన్‌లో హెరాల్డ్ హాప్కిన్స్‌తో కలిసి గాజుపోగుల కట్టలోంచి బొమ్మను పంపి 1954లో ఆ వివరాలు ప్రకటించాడు. 1960లో లేజర్ వచ్చింది. అప్పుడు కావో పత్రం.

అప్పటి గాజు కిలోమీటరుకు వెయ్యి డెసిబెల్స్ నష్టపోయేది. అంటే కొద్ది పదుల మీటర్లు దాటేసరికే కాంతి పేరుకు కూడా మిగలదు. దాన్ని ఇరవై డెసిబెల్స్‌కు తగ్గిస్తే, కిలోమీటరు చివర నూటికి ఒక వంతు కాంతి మిగిలితే, చాలు, పని జరుగుతుందన్నాడు కావో. లోపం గాజుది కాదు, అందులోని మలినాలదని ఊరూరా తిరిగి చెప్పాడు. 1970లో అమెరికాలోని కార్నింగ్ కంపెనీలో మారర్, కెక్, షుల్ట్జ్ ఆ గీత దాటారు. 1979లో జపాన్‌వాళ్లు 0.2 డెసిబెల్స్‌కు తెచ్చారు. కావో పెట్టిన గీత ప్రకారం కిలోమీటరులో పోగొట్టుకునేంత కాంతిని ఈ కొత్త పోగు వంద కిలోమీటర్లలో గానీ పోగొట్టుకోదు. అయితే ఇంత తక్కువ నష్టం 1,550 నానోమీటర్ల తరంగదైర్ఘ్యం దగ్గరే. కంటికి కనపడని పరారుణ కాంతి అది. ఈ అంకె గుర్తుంచుకోండి, ముందు అసలు పని దీనితోనే.

1988 డిసెంబరులో అట్లాంటిక్ అడుగున తొలి ఫైబర్ కేబుల్ టాట్-8 మొదలైంది. ఒక్కో జత పోగుల మీద సెకనుకు 280 మెగాబిట్లు, మొత్తం మీద నలభై వేల ఫోన్ మాటలు. ఆ రోజుల్లో అది అద్భుతం. కానీ అందులో ఒక ముల్లు ఉంది. కొన్ని పదుల కిలోమీటర్లకోసారి కాంతి నీరసపడుతుంది. అక్కడ రీజెనరేటర్ అనే పెట్టె కాంతిని పట్టి, కరెంటుగా మార్చి, శుభ్రం చేసి, మళ్లీ కొత్త లేజరుతో కాంతిగా ఎగదోయాలి. ఆ పెట్టెకు ఒక్క వన్నె, ఒక్క వేగమే తెలుసు. ఒకే పోగులో రెండు వన్నెలు పంపవచ్చని ప్రయోగశాలల్లో 1970లలోనే చూపించారు. కానీ పదహారు వన్నెలు పంపాలంటే ప్రతి మజిలీలోనూ పదహారు పెట్టెలు కావాలి. ఆ ఖర్చుకు ఏ కంపెనీ ముందుకు రాలేదు.

ఆ ముల్లును తీసింది ఒక అరుదైన మూలకం. స్వీడన్‌లో స్టాక్‌హోమ్ దగ్గర ఇట్టెర్బీ అనే చిన్న పల్లె ఉంది. అక్కడి గనిలో దొరికిన నల్లరాయిలోంచి రసాయన శాస్త్రవేత్తలు ఒక్కొక్కటిగా కొత్త మూలకాలు తీశారు. యిట్రియం, యిటెర్బియం, టెర్బియం, ఎర్బియం, ఈ నాలుగింటి పేర్లూ ఆ పల్లె పేరులోంచే వచ్చాయి. ఎర్బియంను 1843లో కార్ల్ మొసాండర్ వేరుచేశాడు. తర్వాత నూరేళ్లకు పైగా దానికి చెప్పుకోదగ్గ పని లేదు. గాజుకు లేత గులాబీ రంగు ఇవ్వడం దానికున్న ముఖ్యమైన ఉపయోగాల్లో ఒకటి.

1980ల మధ్యలో ఇంగ్లండ్‌లోని సౌతాంప్టన్ విశ్వవిద్యాలయంలో డేవిడ్ పేన్ బృందం అరుదైన మూలకాలను చిటికెడంత గాజుపోగులో కలిపి లేజర్లు చేస్తోంది. అందరూ గాజులోంచి మలినాలు తీసేసే పనిలో ఉంటే, వీళ్లు ఏరికోరి మలినం కలిపారు! ఎర్బియం కలిపిన పోగులోకి ఒక లేజరు కాంతిని పంపితే అందులోని అయాన్లు శక్తిని పుచ్చుకుని కూర్చుంటాయి. అదే సమయానికి దూరం నుంచి నీరసించి వచ్చిన కబురు కాంతి ఆ పోగులోకి వస్తే, అయాన్లు తమ శక్తిని అచ్చంగా అదే తీరు కాంతిగా దానికి ధారపోస్తాయి. లోపలికి వెళ్లిన బక్క కాంతి వెయ్యి రెట్లు బలిసి బయటికొస్తుంది. మధ్యలో కరెంటుగా మారే పనే లేదు. ఇది ఏ తరంగదైర్ఘ్యం దగ్గర జరుగుతుందనుకుంటున్నారు? దాదాపు 1,530 నుంచి 1,565 నానోమీటర్ల మధ్య. గాజు తన నష్టాన్ని ఎక్కడ కనిష్ఠానికి తెచ్చుకుందో సరిగ్గా అక్కడే. గాజు గుణం వేరు, ఎర్బియం గుణం వేరు, ఒకదాని సంగతి మరొకదానికి తెలిసే అవకాశమే లేదు. ఆ రెండూ అలా ఒకే చోట కలవడాన్ని ఎన్నిసార్లు తలచుకున్నా నాకు ఒళ్లు పులకరిస్తుంది.

పేన్, మియర్స్, రీకీ, జాన్సీ ఈ ఫలితాన్ని 1987లో ప్రకటించారు. అదే ఏడాది అమెరికాలో బెల్ ల్యాబ్స్‌లో ఎమాన్యుయెల్ డెసుర్వీర్ విడిగా అదే దారిలో అక్కడికే చేరాడు. బెల్ పేరు మీద నడిచే ప్రయోగశాల కావడం నాకు సంతోషం. మొదట్లో ఎర్బియంకు శక్తి అందించడానికి బల్లంత లేజర్లు వాడాల్సి వచ్చేది. సముద్రం అడుగున అలాంటివి పెట్టేదెలా? 1989లో జపాన్‌లో నకజావా బృందం గోరంత అర్ధవాహక లేజరుతోనే ఆ పని చేసి చూపించింది. దాంతో ప్రయోగశాల వస్తువు కాస్తా రోడ్డు పక్క గుడిసెలోకి, సముద్రగర్భంలోకి పోగలిగింది.

ఇక్కడే అసలు మలుపు. ఎర్బియం యాంప్లిఫైయర్‌కు వన్నెల భేదం లేదు. తన పరిధిలోకి వచ్చిన పదహారింటినైనా, ఎనభయ్యింటినైనా ఒకే దెబ్బకు బలపరుస్తుంది. ప్రతి ఎనభై కిలోమీటర్లకో యాంప్లిఫైయర్ ఉంటే సరి. మేరీలాండ్ రాష్ట్రంలో డేవిడ్ హ్యూబర్ 1992లో స్థాపించిన సియెనా కంపెనీ దీన్ని వ్యాపారంగా మలిచింది. ఇంటర్నెట్ పొంగుతుంటే స్ప్రింట్ పోగులు చాలక కిందామీదా అవుతున్న రోజులవి. ఒక్కో వన్నె మీద 2.5 గిగాబిట్ల చొప్పున పదహారు వన్నెలు, మొత్తం నలభై గిగాబిట్లు ఒకే పోగులో. దేశం పొడవునా మళ్లీ కందకాలు తవ్వే ఖర్చు ఒక్కసారిగా తప్పిపోయింది. తర్వాత ప్రపంచమంతా ఒకే కొలత పాటించాలని అంతర్జాతీయ టెలికమ్యూనికేషన్ యూనియన్ వన్నెల పట్టీ వేసింది. 193.1 టెరాహెర్ట్జ్‌ను మూలంగా తీసుకుని, అటూ ఇటూ వంద లేదా యాభై గిగాహెర్ట్జ్ ఎడంతో గళ్లు. యాభై ఎడంతో తొంభై ఆరు దాకా వన్నెలు సర్దవచ్చు.

ఇక్కడి నుంచి కథ తిన్నగా నడవదు. వన్నెలు పెరిగినకొద్దీ పెట్టుబడిదారుల ఆశ కూడా పెరిగింది. అందరూ పోటాపోటీగా కేబుళ్లు వేశారు. 2002లో గ్లోబల్ క్రాసింగ్, వరల్డ్‌కామ్ దివాలా తీశాయి. వెలిగించే దిక్కులేక పడి ఉన్న పోగులకు డార్క్ ఫైబర్ అనే పేరు అందరి నోటా నానింది. అమెరికా నష్టం మనకు కలిసొచ్చింది. టైకో కంపెనీ వందల కోట్ల డాలర్లు పోసి వేసిన సముద్ర కేబుళ్లను మన దేశపు టెలికాం కంపెనీ విఎస్‌ఎన్‌ఎల్ 13 కోట్ల డాలర్లకు కొంది. అంతకుముందే 2002లో చెన్నై నుంచి సింగపూర్‌కు ఐ2ఐ కేబుల్ వచ్చింది. ఎనిమిది జతల పోగులు, ఒక్కో జతలో నూట అయిదు వన్నెలు, వన్నెకు పది గిగాబిట్లు, మొత్తం 8.4 టెరాబిట్ల సామర్థ్యం. హైటెక్ సిటీ 1998లోనే తెరుచుకుంది. అక్కడి కుర్రాళ్లు రాత్రిళ్లు అమెరికా ఆఫీసుల పని చేసుకోగలిగిన వెసులుబాటు వెనుక చవకైన ఈ కాంతి ఉంది.

2010 ప్రాంతంలో కోహెరెంట్ పద్ధతి వచ్చి, కాంతి తీవ్రతతోపాటు దాని దశను, ధ్రువణాన్ని కూడా లెక్కలోకి తీసుకుంది. వన్నెకు పది గిగాబిట్లు పోయి వంద, ఇప్పుడు నాలుగు వందలు, ఆపైన. తొంభై ఆరు వన్నెల మీద వంద చొప్పున అంటే ఒక జత పోగుల మీద 9,600 గిగాబిట్లు. 2024లో జపాన్ జాతీయ సంస్థ ఎన్‌ఐసిటి ఆస్టన్ విశ్వవిద్యాలయంతో కలిసి మామూలు పోగు మీదే 402 టెరాబిట్లు పంపింది. ఒక బ్యాంకు ఈ రోజు ‘వేవ్‌లెంగ్త్ సర్వీస్’ తీసుకుందంటే, ఆ వన్నెల్లో ఒకటి పూర్తిగా తనదే అన్నమాట. వాటాదారులు ఉండరు. రేపు పది గిగాబిట్లు వందకు పెంచాలంటే రెండు చివర్లా కార్డులు మారిస్తే చాలావరకు సరిపోతుంది, మధ్యలో మట్టి కదలదు. కిలోమీటరుకు అయిదు మైక్రోసెకన్ల ఆలస్యం ఒక్కటి మాత్రం ఏ వన్నెకూ తప్పదు.

మన పల్లెలకు వచ్చేసరికి కథ ఇంకా చిక్కుబడింది. గ్రామాలకు ఫైబర్ వేసే జాతీయ పథకానికి 2012లో ప్రయోగంగా ఎంచుకున్న మూడు బ్లాకుల్లో విశాఖ దగ్గరి పరవాడ ఒకటి. ఆంధ్రప్రదేశ్ ఫైబర్‌నెట్ భూమిని వదిలి కరెంటు స్తంభాల మీదుగా పోగు నడిపి 2017 డిసెంబరు 27న రాష్ట్రపతి చేతుల మీదుగా ప్రారంభమైంది. 2025 అక్టోబరులో విశాఖకు గూగుల్ తన డేటా కేంద్రంతోపాటు సముద్ర కేబుళ్లనూ ప్రకటించింది. ఇన్నాళ్లూ తూర్పు తీరంలో చెన్నై వైపే చూసిన మనకు ఇది పెద్ద మార్పు.

అయితే తొంభై ఆరు వన్నెలు ఒకే పోగులో ఉండటానికి ఇంకో ముఖం ఉంది. 2008 జనవరి చివర అలెగ్జాండ్రియా దగ్గర సముద్రంలో కేబుళ్లు తెగితే మన దేశపు ఇంటర్నెట్‌లో దాదాపు సగం కుంటుపడింది. నేల మీద ఆ పని జేసీబీ చేస్తుంది. తెగిన చోటికి ముందు వచ్చేది స్ప్లైసింగ్ కుర్రాడు. వ్యాను వెనుక కూర్చుని కేబుల్ తొడుగు కోస్తాడు, జిడ్డు జెల్లీ తుడుస్తాడు. నీలం, నారింజ, ఆకుపచ్చ, గోధుమ, వరసగా రంగులు చూసి అటు పోగుకు ఇటు పోగు జత కలుపుతాడు. 125 మైక్రాన్ల గాజును స్పిరిట్‌తో తుడిచి, అంచు నిట్టనిలువుగా తెంచి, యంత్రంలో ఎదురెదురుగా పెడతాడు. చిన్న తెరమీద రెండు కొసలూ ఒక గీతకు రాగానే నిప్పురవ్వ ఒకటి మెరుస్తుంది, గాజు గాజులో కలిసిపోతుంది. తెరమీద నష్టం 0.02 అని వస్తే తల ఊపి, తొడుగు వేసి, తర్వాతి పోగు తీసుకుంటాడు. ఈలోగా అవతల ఒక బ్యాంకు, ఒక ఆస్పత్రి, ఎన్నో ఆఫీసులు చీకట్లో ఉంటాయి.

మీ సంస్థకు రెండో వేవ్‌లెంగ్త్ కొనే ముందు కంపెనీవాళ్లను ఒక్క మాట అడగండి: ఇది మొదటిది వెళ్లే కేబుల్‌లోనే వెళుతుందా, వేరే రోడ్డు మీదుగా వస్తుందా? దారి మ్యాపు చేతికిచ్చాకే సంతకం పెట్టండి. ఒకే పోగులో రెండు వన్నెలు కొంటే సామర్థ్యం రెట్టింపవుతుంది, భద్రత కాదు.