25 పాయింట్ల షర్తు: ఒక అబ్బా, ఒక బేటా, ఒక ఫుట్‌బాల్ టీమ్

కొడుక్కి నౌకరీ ఇచ్చిన తండ్రుల తవారీఖ్ మనకు కొత్తేం కాదు. ఇల్తుత్మిష్ సుల్తాన్ కొడుకుల్లో పస లేదని బిడ్డ రజియా పేరు చెప్పి పోతే, ఆయన కన్ను మూయగానే అమీర్లు కొడుకు రుక్నుద్దీన్‌నే తఖ్తు ఎక్కించారు. అది 1236 నాటి ముచ్చట. ఇప్పుడు నేను చెప్పబోయేది నిన్నమొన్నటి దాస్తాన్. అమెరికాలోని అయోవా యూనివర్సిటీ ఫుట్‌బాల్ టీమ్‌ది. అక్కడ కొడుకు కాబిలియత్‌ను తూచడానికి కాగితం మీద ఒక నంబరు రాశారు: 25.

ముందు ఆట సంగతి. ఇది మన ఫుట్‌బాల్ కాదు. కోడిగుడ్డు ఆకారంలో ఉండే బంతిని చేత్తో పట్టుకుని పరిగెత్తే ఆట. నాలుగు ప్రయత్నాల్లో 10 గజాలు ముందుకు పోవాలి. పోతే మళ్లీ నాలుగు ప్రయత్నాలు దొరుకుతాయి. పోయే ఆశ లేకపోతే నాలుగోసారి బంతిని దూరంగా తన్ని అవతలి వాళ్లకు అప్పగిస్తారు. దాన్ని పంట్ అంటారు. గీత దాటిస్తే టచ్‌డౌన్, 6 పాయింట్లు. ఆ తర్వాత బంతిని కర్రల మధ్య నుంచి తంతే ఇంకొకటి. టచ్‌డౌన్ కుదరక దూరం నుంచే కర్రల మధ్యకు తంతే ఫీల్డ్ గోల్, 3. బంతి చేతిలో ఉన్నవాణ్ణి సొంత గీత వెనకే పడగొడితే ఎదుటి టీమ్‌కు 2, దాని పేరు సేఫ్టీ. అసలు గుర్తుంచుకోవాల్సింది ఏమిటంటే, దాడి చేసే కుర్రాళ్లు వేరు, అడ్డుకునే కుర్రాళ్లు వేరు. ఒకే జెర్సీ, రెండు జమాతులు.

కర్క్ ఫెరెంట్జ్ 1999 నుంచి అయోవాకు హెడ్ కోచ్. ఒకే కుర్చీలో అన్నేళ్లు కూర్చున్న కోచ్‌లు ఆ దేశంలో అరుదు. కొడుకు బ్రయన్ అదే టీమ్‌కు ఆడాడు. తర్వాత న్యూ ఇంగ్లాండ్ పేట్రియట్స్ దగ్గర పని నేర్చుకుని 2012లో అబ్బా దగ్గరికి తిరిగొచ్చాడు. 2017లో దాడి జిమ్మేదారీ మొత్తం అతని చేతికే ఇచ్చారు.

తండ్రి కింద కొడుకు నౌకరీ చేయకూడదని యూనివర్సిటీకి ఒక ఉసూల్ ఉంది. మరి ఎలా? కాగితాల మీద బ్రయన్‌కు పైఅధికారి తండ్రి కాదు, క్రీడల డైరెక్టర్ గ్యారీ బార్టా అని రాసుకున్నారు. మైదానంలో హుకుం తండ్రిదే, దఫ్తర్‌లో మాత్రం డైరెక్టర్‌ది. నా నజర్‌లో అసలు గిరహ్ పడింది ఇక్కడే. తండ్రి "నా చేతిలో లేదు" అనొచ్చు, డైరెక్టర్ "వాళ్ల ఇంటి సంగతి" అనుకోవచ్చు. మా ఉర్దూ మీడియం స్కూల్లో ఒక ఉస్తాద్ కొడుకు మా క్లాసులోనే ఉండేవాడు. బెత్తం ముందు వాడి చేతి మీదే పడేది. అది పూరా ఇన్సాఫ్ అనను, కానీ ఎవరు ఎవరికి జవాబుదారో మాకందరికీ తెలిసేది.

2022 సీజన్ వచ్చింది. మొదటి మ్యాచ్ సౌత్ డకోటా స్టేట్‌తో. వాళ్లు కింది శ్రేణి టీమ్. అయోవా 7–3తో గెలిచింది. 7 అంటే ఒక టచ్‌డౌన్, దాని మీద ఒకటి అనుకుంటాం. కాదు. ఒక ఫీల్డ్ గోల్, రెండు సేఫ్టీలు. నాలుగు పాయింట్లు అడ్డుకునే కుర్రాళ్ల కమాయీ. దాడి చేసేవాళ్లు ఒక్కసారి కూడా గీత దాటలేదు. మరుసటి వారం పక్కింటి ప్రత్యర్థి అయోవా స్టేట్ చేతిలో 10–7తో ఓటమి. వాళ్లతో ఓడిపోయి 2014 నుంచి ఇదే మొదటిసారి. ఇల్లినాయ్ మీద 9–6తో ఓడారు. ఒహాయో స్టేట్ మీద 54–10. ఆ పదిలో ఉన్న ఒకే ఒక టచ్‌డౌన్ కూడా జారిన బంతిని ఎత్తుకుని పరిగెత్తిన డిఫెన్స్ కుర్రాడిది.

సీజన్ అయ్యేసరికి 13 మ్యాచ్‌ల్లో 230 పాయింట్లు, సగటున 17.7. ముందుకు కదిలిన గజాల్లో 131 టీమ్‌లలో 130వ స్థానం. అదే టీమ్ డిఫెన్స్ మాత్రం ఎదుటివాళ్లకు సగటున 13.3 పాయింట్లే ఇచ్చింది. దేశంలో రెండో స్థానం. ఆ డిఫెన్స్‌లోని జాక్ క్యాంప్‌బెల్‌కు ఆ ఏడాది ఉత్తమ లైన్‌బ్యాకర్‌కు ఇచ్చే బట్కస్ అవార్డు దక్కింది. ఎనిమిది గెలిచి ఐదు ఓడారు. ఆ ఎనిమిదిలో ఎన్ని ఎవరి మెహనతో చూసినవాళ్లందరికీ తెలుసు. కాలేజీ కుర్రాడికి దొరికేవి నాలుగైదు సీజన్లు. అందులో ఒకటి ఇలా పోయింది.

2023 ఫిబ్రవరిలో ఆ మశ్హూర్ కాగితం బయటికొచ్చింది. బ్రయన్ తన్ఖా 9 లక్షల డాలర్ల నుంచి 8.5 లక్షలకు తగ్గించారు. షర్తు ఏమిటంటే, వచ్చే సీజన్లో టీమ్ కనీసం 7 మ్యాచ్‌లు గెలవాలి, సగటున 25 పాయింట్లు చేయాలి. చేస్తే బోనస్, పొడిగింపు. లేకపోతే కాంట్రాక్టు 2024 జూన్‌తో ఖతం. ఇందులో ఒక చమత్కారం ఉంది. ఆ 25లో డిఫెన్స్ చేసిన పాయింట్లు కూడా కలుస్తాయి! అంటే అడ్డుకునే కుర్రాళ్లు బంతి లాక్కుని గీత దాటితే, దాడి నేర్పే పెద్దమనిషి నౌకరీ నిలుస్తుంది. ఇంతకన్నా పెద్ద మజాక్ నేను ఏ సర్కారీ కాగితంలోనూ చూడలేదు.

జనం 13 మ్యాచ్‌లకు 325 అని హిసాబ్ వేసుకుని ప్రతి శనివారం లెక్క రాసుకున్నారు. మ్యాచ్ గెలిచారా లేదా అన్నది పక్కకు పోయింది, ఇంకా ఎన్ని కావాలన్నదే బాత్‌చీత్ అయింది. పెన్ స్టేట్ మీద 31–0తో ఓడిన రోజు టీమ్ మొత్తం కలిపి కదిలింది 76 గజాలు. మిషిగన్ నుంచి తెచ్చుకున్న క్వార్టర్‌బ్యాక్ కేడ్ మెక్‌నమారా మోకాలు సెప్టెంబర్‌లోనే దెబ్బతింది. ఇది బ్రయన్ వైపు నుంచి చెప్పాల్సిన మాట, దాన్ని దాచడం ఇన్సాఫ్ కాదు. అయితే ముందటేడు అతనికి అలాంటి ఉజ్ర్ లేదు.

అక్టోబర్ 30న, టీమ్ ఆరు గెలిచి రెండే ఓడిన సమయంలో, బార్టా స్థానంలో తాత్కాలికంగా వచ్చిన డైరెక్టర్ బెత్ గోట్జ్ ఎలాన్ చేసింది: సీజన్ తర్వాత బ్రయన్ ఉండడు. అబ్బా పాతికేళ్ల కుర్చీలో ఉన్నాడు, బేటా గురించిన ఫైసలా మాత్రం కొత్తగా వచ్చిన ఒక స్త్రీ చేయాల్సి వచ్చింది.

ఆ సీజన్ హీరో ఎవరో చెబితే నవ్వుతారు. పంట్ తన్నే టోరీ టేలర్, మెల్బోర్న్ కుర్రాడు. దాడి చేసేవాళ్లు కదలకపోతే నాలుగోసారి రావాల్సింది అతనే కదా. 93 సార్లు వచ్చి 4,479 గజాలు తన్నాడు. 1938 నుంచి నిలిచిన రికార్డు పగిలింది. పంటింగ్ అంటేనే గెలుపు అని రాసిన టీషర్టులు వేసుకుని అభిమానులు స్టేడియానికి వచ్చారు. నామోషీని కూడా జనం ఎంత ముద్దుగా తొడుక్కుంటారో!

పది గెలిచారు, తమ డివిజన్ కూడా గెలిచారు. అయినా చివరి రెండు మ్యాచ్‌ల్లో మిషిగన్ మీద 26–0, టెన్నెసీ మీద 35–0తో ఓడారు. రెండింటిలోనూ సున్నా. 14 మ్యాచ్‌లకు 350 కావాల్సింది, వచ్చింది 216. సగటు 15.4. గజాల్లో 133 టీమ్‌లలో 133వ స్థానం.

చాలామంది అసలు కసూర్ కొడుకుది కాదు, తండ్రిదే అన్నారు. జాగ్రత్తగా ఆడు, బంతి పోగొట్టుకోకు, మిగతాది డిఫెన్స్ చూసుకుంటుంది అన్నది కర్క్ తరీఖా, బ్రయన్ దాన్ని అమలు చేశాడంతే అని వాదించారు. నేనూ కొంతవరకు అలాగే అనుకున్నాను. 2024లో టిమ్ లెస్టర్ అనే బయటివాణ్ణి తెచ్చారు. హెడ్ కోచ్ అదే కర్క్, తరీఖా దాదాపు అదే. బంతి పట్టుకుని పరిగెత్తిన కాలెబ్ జాన్సన్ కూడా 2022 నుంచి ఆ టీమ్‌లో ఉన్నవాడే. ఆ ఏడు అతనొక్కడే 1,537 గజాలు పరిగెత్తి 21 టచ్‌డౌన్లు చేశాడు. టీమ్ 13 మ్యాచ్‌ల్లో 360 పాయింట్లు చేసింది, సగటు 27.7.

ఈసారి కాంట్రాక్టులో 25 అని ఎవరూ రాయలేదు.