తీసేసిన లైను

మావాడి రెజ్యూమేలో మొదట్లో ఒక లైను ఉండేది. సెకండియర్ సెలవుల్లో వాళ్ళ ఊరి పాలకేంద్రానికి సి లాంగ్వేజీలో బిల్లుల ప్రోగ్రాం రాసిచ్చానని. దాన్ని తీసేయమన్నది నేనే. తర్వాత జరిగినదాంట్లో చాలామంది చేతులున్నాయి గానీ, మొదటి చెయ్యి నాది.

ఒంగోలు దగ్గర ఊరు వాడిది. ఊరి పేరూ వాడి పేరూ ఇక్కడ అక్కర్లేదు. కాలేజీలో అందరం ఏ7 అనే పిలిచేవాళ్ళం. జేఎన్‌టీయూ హాల్‌టికెట్ నంబర్లలో 99 దాటితే ఏ0, ఏ1 అంటూ అక్షరాలు మొదలవుతాయి. ల్యాబుల్లో హాజరు పిలిచేది ఆ చివరి రెండిటితోనే కాబట్టి, 2006లో చేరిన మొదటి నెలలోనే అమ్మానాన్నలు పెట్టిన పేరు మూలపడిపోయింది. వాడికీ ఆ పిలుపే ఇష్టమయింది. నోటుపుస్తకాల మీదా, హాస్టల్ బక్కెట్టు మీదా, చివరికి రాసిన ప్రోగ్రాముల అడుగునా అదే వేసుకునేవాడు.

పాలకేంద్రం సంగతి తెలియనివాళ్ళకి కాస్త చెప్పాలి. తెల్లారకముందే ఆడవాళ్ళు క్యాన్లూ స్టీలు బక్కెట్లూ పట్టుకుని వరసలో నిలబడతారు. సాయంత్రం మళ్ళీ అదే వరస. పాలు కొలిచి, చిన్న సీసాలోకి శాంపిలు తీసి, వెన్న శాతం చూస్తారు. గేదెపాలకి డబ్బు వెన్నని బట్టే. ఆరు వచ్చిన పాలకీ ఏడున్నర వచ్చిన పాలకీ ఒకే చెంబైనా ఒకే ధర రాదు. పూటకి లీటర్ల అంకె ఒకటి, వెన్న అంకె ఒకటి. పదిహేను రోజులకోసారి బిల్లు, అంటే మనిషికి ముప్పై పూటలు. వాళ్ళ కేంద్రంలో పాలు పోసేవాళ్ళు 134 మంది. నాలుగు వేల పైచిలుకు గుణకారాలన్నమాట. దాణా బాకీలు, అడ్వాన్సుల కోతలు మళ్ళీ వేరే. సెక్రటరీ క్యాలిక్యులేటర్ ముందేసుకుని కూర్చుంటే కోడి కూసేదాకా తెమిలేది కాదు. తెల్లారాక పంచాయితీ. "నా కార్డులో ఏడుంటే నువ్వు ఆరు గుణించావేంది?" అని.

ఆ కేంద్రంలో ఎక్కడి నుంచో వచ్చిన పాత కంప్యూటరు ఒకటి మూలన దుమ్ము పట్టి ఉండేది. సెలవులకెళ్ళిన ఏ7 దాని మీద టర్బో సిలో కూర్చుని ఇరవై రోజుల్లో ప్రోగ్రాం రాశాడు. డాట్ మ్యాట్రిక్స్ ప్రింటరు కీచుకీచుమంటూ గంటన్నరలో 134 చీటీలూ కక్కేసింది. మొదటి పక్షంలో ఒక తప్పు దొర్లింది. పాలు పోయని పూటకి సున్నా వేయాల్సింది పోయి, అంతకుముందు పూట అంకెనే మళ్ళీ వేసింది. కూతురి పురిటికి వెళ్ళొచ్చిన ఒకావిడకి అయిదు రోజుల డబ్బు ఎక్కువొచ్చింది. ఆవిడే నోట్లు పట్టుకుని వచ్చి, "నేను ఊళ్ళో లేని పూట నా గేదె ఎవరికి చేపిందో కనుక్కో అబ్బయ్యా" అని ఇచ్చేసి పోయిందట. ఆ రాత్రే దిద్దాడు. హాస్టల్‌కొచ్చి మాకు ఈ కథ చెబుతుంటే వాడి మొహం చూడాలి. ఎమ్సెట్ ర్యాంకు వచ్చినప్పుడు కూడా అంత వెలగలేదేమో.

మూడో ఏడు చివర్లో రెజ్యూమేల జాతర మొదలైంది. మా కాలేజీలో ఎవరూ రెజ్యూమే రాయలేదు, అందరం దింపుకున్నాం. సీనియర్ దగ్గర్నుంచి పెన్‌డ్రైవ్‌లో ఒక ఫైలు వస్తుంది, అందులో పేరూ పర్సెంటేజీలూ మార్చుకుంటాం. ఛాలెంజింగ్ ఎన్విరాన్‌మెంట్‌లో పనిచేసి సంస్థ ఎదుగుదలతోబాటు తానూ ఎదగాలన్న అబ్జెక్టివ్ క్లాసు మొత్తానికీ ఒకటే. క్విక్ లెర్నర్, హార్డ్ వర్కింగ్, ప్లేయింగ్ క్రికెట్. ఎన్నడూ బ్యాటు పట్టని వాళ్ళకీ క్రికెట్టే హాబీ. ఒకడైతే సీనియర్ తండ్రి పేరు మార్చడం మర్చిపోయి, ఇంటర్వ్యూలో "మీ నాన్నగారి పేరు చెప్పండి" అంటే తడబడ్డాడు. ఆ ఫైలు అడుగున ఒక డిక్లరేషన్ ఉండేది, ఇప్పటికీ మన రెజ్యూమేల్లో ఉంటుంది: పైన చెప్పిన వివరాలన్నీ నాకు తెలిసినంతవరకు సత్యమని ఇందుమూలంగా ప్రకటిస్తున్నాను. స్థలం, తేదీ, సంతకం. దాన్ని ఎవరూ చదవరు. కింద గీత కనబడితే సంతకం పెట్టేస్తారు.

ఏ7 ఒక్కడే సొంతంగా రాసుకున్నాడు. ఒకే పేజీ. ప్రాజెక్టు అన్నచోట పాలకేంద్రం. నేను చదివి నవ్వాను. "మామా, కార్పొరేట్ వాళ్ళ ముందు గేదెల లెక్కలేంట్రా? లైబ్రరీ మేనేజ్‌మెంట్ సిస్టమ్ అని పెట్టు, అందరూ అదే పెడుతున్నారు." వాడు కాసేపు తెరకేసి చూసి బ్యాక్‌స్పేస్ నొక్కాడు. ఒక్కో అక్షరం పోతూంటే ఆ చప్పుడు నాకు గుర్తుంది. లైనంతా ఒక్కసారి సెలెక్ట్ చేసి తీసెయ్యొచ్చని తెలియనివాడేం కాదు.

ఇప్పుడు నా ఉద్యోగంలో సగం పని రెజ్యూమేలు చదవడమే. రోజుకి పదుల సంఖ్యలో వస్తాయి. లైబ్రరీ మేనేజ్‌మెంట్ సిస్టమ్ ఎన్నిసార్లు చదివానో లెక్కలేదు. ఎవరి కోసం చేశారు, ఎంతమంది వాడారు, అంతకుముందు ఎంతసేపు పట్టేది, ఇప్పుడెంత, ఎక్కడ తప్పు దొర్లింది, ఎలా సరిచేశారు... ఇవి చెప్పే లైను ఒక్కటి కనబడితే చాలు, పక్కన పెట్టుకుంటాను. వాడి దగ్గర ఇవన్నీ ఉన్నాయి. అంకెలతో సహా.

మా మూడో ఏడులోనే, 2009 జనవరి 7న, హైదరాబాద్‌లో అందరూ చదివిన ఉత్తరం ఒకటుంది. సత్యం కంప్యూటర్స్ చైర్మన్ రామలింగరాజు తన బోర్డుకి రాసింది. పుస్తకాల్లో చూపిన నగదులో 5,040 కోట్లు అసలు లేవని, మొదట్లో చిన్నగా ఉన్న తేడా ఏళ్ళు గడిచేకొద్దీ పెరిగి చెయ్యి దాటిపోయిందని అందులో ఒప్పుకున్నాడు. యాభై వేలకు పైగా ఉద్యోగులున్న కంపెనీ. అమెరికా మాంద్యం అప్పటికే మెడ మీద ఉంది. మా ముందు బ్యాచ్ వాళ్ళు ఆఫర్ లెటర్లు దిండు కింద పెట్టుకుని జాయినింగ్ తేదీ కోసం నెలలు ఎదురుచూశారు. మా క్యాంపస్‌కి వచ్చిన కంపెనీలు రెండో మూడో. వచ్చినవాళ్ళు కూడా టెన్త్ నుంచీ అన్నిట్లోనూ అరవై శాతం ఉండాలన్నారు. వాడికి ఇంటర్‌లో 58.

అప్పుడు పేపర్లో చిన్న ప్రకటన పడింది. పాలు పరీక్షించే మిషన్లు తయారుచేసే ఒక చిన్న కంపెనీకి కుర్రాళ్ళు కావాలట. ఏ7 రాత్రంతా కూర్చుని కవర్ లెటర్ రాశాడు, ముందు తెలుగులో, తర్వాత ఇంగ్లీషులో. అరపేజీ కూడా లేదు. మీ మిషన్ మా ఊరి కేంద్రంలో ఉంది, కరెంటు పోయి వచ్చాక మొదటి శాంపిలుకి వెన్న తక్కువ చూపిస్తోంది, రెండోసారి అదే పాలు పోస్తే సరిగ్గా వస్తోంది, నెల రోజులు రాసి చూశాను, ఆ కాగితం జత చేస్తున్నాను, ఎందువల్లో నాకో ఊహ ఉంది, వచ్చి చెప్పగలను. అంతే ఉత్తరం.

నేను మళ్ళీ అడ్డుపడ్డాను. ఉద్యోగం అడుగుతూ వాళ్ళ మిషన్‌కే వంకలు పెడతావా అన్నాను. రెస్పెక్టెడ్ సర్‌తో మొదలుపెట్టించి, విత్ డ్యూ రెస్పెక్ట్ ఐ బెగ్ టు స్టేట్ అనిపించి, సీనియర్ల ఫైలు నుంచి నాలుగు పేరాలు దించి ఇచ్చాను. మూడో పేరాలో ఇంకో కంపెనీ పేరు అలాగే ఉండిపోయిందని పోస్టు చేసిన వారానికి చూసుకున్నాం. జవాబు రాలేదు.

ఆ ఉత్తరం చిత్తుప్రతి కొన్నాళ్ళు మా బీరువా తలుపు వెనక ఉండేది. రూం ఖాళీ చేసినప్పుడు ఏమయిందో.

2010లో డిగ్రీ పట్టుకుని అందరిలాగే అమీర్‌పేట చేరాడు. ఎస్సార్ నగర్‌లో హాస్టలు, మైత్రీవనం చుట్టూ కోచింగులు, గోడల నిండా జావా, డాట్‌నెట్, టెస్టింగ్ పోస్టర్లు. నిజానికి వాడు అక్కడ బాగా చదివాడు. పొద్దున కోర్ జావా, మధ్యాహ్నం అడ్వాన్స్‌డ్, రాత్రి జిరాక్స్ నోట్సు. కానీ ఎక్కడికెళ్ళినా ఒకటే ప్రశ్న, ఎక్స్‌పీరియన్స్ ఎంత? ఫ్రెషర్ అనగానే రెజ్యూమే పక్కకి పోయేది. ఎనిమిది నెలలు అలా గడిచాయి. హాస్టల్లో పక్క మంచం వాడు అసలు సంగతి చెప్పాడు: "వన్ ప్లస్ పెట్టుకో మామా." వన్ ప్లస్ అంటే ఏడాదికి పైగా అనుభవం. పెట్టుకోవడమంటే కొనుక్కోవడం. ఒక సందులో, ఒక మేడ మీద గదిలో, ఆఫర్ లెటరు, పే స్లిప్పులు, ఇంక్రిమెంటు లెటరు, రిలీవింగ్ లెటరు, కావాలంటే ఫారం 16, అన్నీ ఒక కవర్లో పెట్టి ఇచ్చేవాళ్ళు. ఏ7 వాళ్ళ నాన్న ఒక గేదెని అమ్మి డబ్బు పంపాడు. కోర్సు ఫీజు అని చెప్పాడట ఏ7.

కొత్త రెజ్యూమే నాలుగు పేజీలైంది. బ్యాంకింగ్ ప్రాజెక్టు, క్లయింటు, టీం సైజు, రోల్స్ అండ్ రెస్పాన్సిబిలిటీస్. తను ఎన్నడూ కలవని మేనేజర్ పేరు, ఎన్నడూ ఎక్కని ఆఫీసు మెట్లు, అన్నీ బట్టీ పట్టాడు. నాకు ఫోన్ చేసి చదివి వినిపించాడు. "ఎట్టా ఉంది?" అన్నాడు. బావుందన్నాను. డిక్లరేషన్ మాత్రం మారలేదు. అదే వాక్యం, అదే గీత, దాని కింద వాడి సంతకం.

2011లో ఉద్యోగం వచ్చింది. గచ్చిబౌలిలో పెద్ద కంపెనీ. మొదటి జీతంతో అమ్మకి చీర, నాన్నకి వాచీ, ఇంటికి ఫ్రిజ్. ఊళ్ళో ఆ ఫ్రిజ్‌ని చూడ్డానికి వచ్చినవాళ్ళకి వాళ్ళమ్మ చల్లటి మజ్జిగ ఇచ్చేదట. సంబంధాలు రావడం మొదలైంది. పని విషయంలో వాడికి వంక పెట్టినవాళ్ళు లేరు. రాత్రిపూట వచ్చే తలనొప్పి కేసులన్నీ టీంలో వాడికే పంపేవాళ్ళు. అక్కడ పనిచేసిన పదకొండు నెలలూ వాడి బతుకులో నిక్కమైన అనుభవం.

అప్పటికి కంపెనీలన్నీ పాత రికార్డులు తిరగేస్తున్నాయి. చేరేటప్పుడు పైపైన చూసి వదిలేసినవాళ్ళ కాగితాల్ని బయటి ఏజెన్సీలకిచ్చి మళ్ళీ తనిఖీ చేయిస్తున్నారు. వాడి రెజ్యూమేలో ఉన్న చిరునామాకి ఎవరో మనిషి వెళ్ళాడు. ఆ నంబరు గల భవనంలో కింద టైలరు షాపు, పైన వేసి ఉన్న షట్టరు. ఫొటో తీసి రిపోర్టులో పెట్టాడు.

ఒక గురువారం మధ్యాహ్నం మీటింగ్ రూంకి పిలిచారు. తర్వాత ఏ7 నాకు చెప్పింది చాలా తక్కువ. ఎవరూ కేకలెయ్యలేదట. హెచ్చార్ అమ్మాయి మంచినీళ్ళ గ్లాసు జరిపి, రెజ్యూమే చివరి పేజీ తిప్పి, డిక్లరేషన్ దగ్గర వేలు పెట్టి, "ఈ సంతకం మీదేనా అండీ?" అని అడిగిందట. నాదేనన్నాడు. ఐడీ కార్డు, ల్యాప్‌టాప్, బస్ పాసు. టీంలో వాళ్ళకి చెప్పిరానివ్వలేదు. టిఫిన్ బాక్సు డెస్కు మీదే ఉండిపోయింది.

అసలు దెబ్బ ఏమిటో ఆ తర్వాతే తెలిసింది. రిలీవింగ్ లెటరు ఇవ్వలేదు కాబట్టి నిజంగా చేసిన పదకొండు నెలలూ చూపుకోవడానికి లేకుండా పోయాయి. చూపితే ఎందుకు మానేశావంటారు, చూపకపోతే ఆ కాలం ఏం చేశావంటారు. 2010 బ్యాచ్ ఫ్రెషర్ అని చెప్పుకునే వీలూ దాటిపోయింది. పైగా ఐటీ ఉద్యోగుల వివరాల కోసం నాస్కామ్ 2006లోనే నేషనల్ స్కిల్స్ రిజిస్ట్రీ అని ఒకటి పెట్టింది, అందులో ఏం నమోదయిందోనన్న భయం వాడిని మరో ఇంటర్వ్యూ గడప తొక్కనివ్వలేదు. తర్వాత్తర్వాత, 2014లో పీఎఫ్‌కి పన్నెండంకెల యూఏఎన్ వచ్చాక, ఆ మేడ మీది గదుల వ్యాపారం అంత తేలిగ్గా సాగలేదు. అప్పటికి వాడు ఐటీ లోకంలోంచే తప్పుకున్నాడు.

చెన్నైలో ఏదో గోడౌన్‌లో సరుకు లెక్కలు రాస్తున్నాడని ఒకరు చెప్పారు. ఫోన్ నంబరు మారింది. నేను వెతకడం మానేశానో, వాడే దొరకడం మానేశాడో, ఇద్దరిదీ ఉంది.

2013 సంక్రాంతికి ఒంగోలు వెళ్ళి, అక్కడి నుంచి వాళ్ళ ఊరెళ్ళాను. వాళ్ళ నాన్న నన్ను గుర్తుపట్టాడు. "బాగుండావా అబ్బయ్యా" అన్నాడు. వాచీ చేతికి లేదు. ఏ7 మాట ఆయనా ఎత్తలేదు, నేనూ ఎత్తలేదు. పాలు పొయ్యడానికి కేంద్రానికి బయల్దేరితే వెంట వెళ్ళాను.

అది బిల్లుల రోజు. మూలన అదే కంప్యూటరు, దాని మీద గుడ్డ. ప్రింటరు కీచుమంటోంది. సెక్రటరీ మారాడు, నా ఈడు కుర్రాడు. చీటీలు చింపి ఒక్కొక్కరికీ ఇస్తున్నాడు. వాళ్ళ నాన్న తన చీటీ నా చేతిలో పెట్టాడు, కళ్ళజోడు తేలేదు చదవమని. లీటర్లు, వెన్న, కోతలు, నికరం. ఒకామె రెండు రోజులు పాలు పోయలేదట, ఆమె చీటీలో రెండు సున్నాలు శుభ్రంగా ఉన్నాయి.

అన్ని చీటీలకీ అడుగున, నికరం కింద, కుడి పక్కన చిన్నగా ఏ7 అని ఉంది. ఇదేంటని అడిగాను.

"ఏమో సార్, మొదట్నుంచీ పడతానే ఉంది. కంపెనీ కోడ్ అయ్యుంటది. తియ్యడం మాకెవరికీ రాక వదిలేశాం" అన్నాడు సెక్రటరీ.

వాళ్ళ నాన్న డబ్బు లెక్కపెట్టుకుని, చీటీ నా చేతిలోంచి తీసుకుని నాలుగు మడతలు పెట్టి జేబులో వేసుకున్నాడు.