నలుగు పెట్టే చెయ్యి

ఒంటికి నలుగు పెట్టుకోవడం ఇంటిపని అనీ, డబ్బిచ్చి చర్మం రుద్దించుకోవడం నిన్న మొన్న వచ్చిన షోకు అనీ చాలామంది నమ్మకం. తెలుగు ఇళ్ళలో స్నానాల చరిత్ర చూస్తే ఈ నమ్మకం నిలవదు. ఇంటి చెయ్యి, పని నేర్చిన బయటి చెయ్యి రెండూ మొదటినుంచీ మన దగ్గర ఉన్నవే. ఏది ఎప్పుడన్నది చాలావరకు చర్మానికి ఎంత ముప్పు ఉందన్నదాన్ని బట్టే తేలేది. సున్నిపిండికీ క్లినిక్‌లో చేసే పీల్‌కీ మధ్య ఊగిసలాడేవాళ్ళకు ఇవాళ పనికొచ్చే కొలత కూడా అదే.

భోగి, ఉగాది, నరక చతుర్దశి నాటి తలంటు గుర్తు చేసుకోండి. ముందు ఒంటికి నువ్వుల నూనె పట్టించి కాసేపు నాననిస్తారు. పెసలు, శనగపప్పు, బావంచాలు, కచ్చూరాలు ఎండబెట్టి మర పట్టించిన పిండిని తడిపి, చేతుల మీదా వీపు మీదా రుద్దుతారు. కాస్త బరకగా ఉన్న ఆ పిండి నూనెను పీల్చుకుని, పై పొరలో అప్పటికే పట్టు వదిలిన మృతకణాలతో కలిసి సన్నని వత్తులుగా రాలుతుంది. పార్వతి ఒంటి నలుగుతో బాలుణ్ణి చేసిన కథ ఏటా వినే ఇంట్లో ఆ వత్తుల సంగతి ఎవరికీ విడమర్చి చెప్పక్కర్లేదు. చర్మం పైపొర సుమారు 4 వారాలకు తనంతట తానే మారుతుంది. నలుగు చేసేదల్లా రాలబోయేదాన్ని కాస్త ముందు రాల్చడం. చెయ్యి కొంచెం బరువుగా పడ్డా సాధారణంగా మంటతో పోతుంది. అందుకే ఆ పని అమ్మకో, అమ్మమ్మకో, ఎవరికి వారికో వదిలేశారు.

పసికందు విషయంలో మాత్రం చాలా ఇళ్ళు అంత ధీమాగా ఉండలేదు. నీళ్ళు పోయడానికి మంత్రసానినో, చెయ్యి తిరిగిన మరో పెద్దావిడనో పిలిచేవారు. ఆవిడ పీట మీద కూర్చుని, కాళ్ళు చాపి, బిడ్డను వాటి మీద పడుకోబెట్టుకుని, మెడ మడతలు, చంకలు, తొడల సందులు చూసుకుంటూ రుద్దేది. పని జరిగేది ఇంట్లోనే, చెయ్యి మాత్రం వృత్తి నేర్చినది. రాజుల ఇళ్ళలో ఈ నేర్పు ఇంకా పెద్ద వ్యవహారం. 12వ శతాబ్దంలో కల్యాణి చాళుక్య ప్రభువు మూడవ సోమేశ్వరుడి పేర వెలసిన మానసోల్లాసం స్నానాన్ని రాజభోగాల్లో ఒకటిగా లెక్కించి వర్ణించింది. కాబట్టి ఇల్లా, బయటా అన్న మన ప్రశ్నలో ఒక తికమక ఉంది. చోటు వేరు, చెయ్యి వేరు.

ఆ చేతి విలువ పెరిగింది రుద్దడం పోయి, ఆమ్లంతో పొర ఊడదీయడం, అంటే పీల్, వచ్చాక. 1882లో ఉన్నా అనే హాంబర్గ్ చర్మవైద్యుడు సాలిసిలిక్ ఆమ్లం, రిసార్సినాల్, ఫినాల్ వంటివి చర్మం మీద చేసే పనిని వివరించాడు. ఇవి రాలబోయేదాన్ని రాల్చి ఊరుకోవు. గాఢత, ఉంచిన సమయం పెరిగేకొద్దీ ఇంకా పట్టు వదలని పొరలోకీ దిగుతాయి. 1990ల చివర అమెరికాలో సౌందర్య సాధనాల దినుసులను పరిశీలించే నిపుణుల బృందం గ్లైకాలిక్ వంటి ఆమ్లాలకు గీత గీసింది కూడా ఇలాగే. జనం సొంతంగా వాడేవాటిలో 10 శాతం మించకూడదు, శిక్షణ పొందినవారు కొద్దిసేపు పూసి కడిగేసేవాటిలో 30 శాతం దాకా ఉండవచ్చు. మనలాంటి చామనఛాయ, నలుపు చర్మాలకు ఇంకో చిక్కుంది. చర్మం కమిలితే ఆ మచ్చ నెలల తరబడి నల్లగా మిగిలిపోవచ్చు.

వంటింటి సరుకుతో హాని ఏముంటుందని ఒక అభ్యంతరం. సున్నిపిండిలోని బావంచాలనే చూడండి. వాటిలోని సోరలిన్ చర్మాన్ని ఎండకు సులువుగా కమిలేలా చేస్తుంది. ఆ గుణాన్నే బొల్లి వైద్యంలో వాడుకుంటారు. ప్రకృతి ఇచ్చిందన్న మాట ఒక్కటే భరోసా కాదు. రెండో అభ్యంతరం ఇంకా గట్టిది. పాత రోజుల నిపుణత కులానికి కట్టిపడేసిన చాకిరీ, దానికి దక్కింది కాసిని బియ్యమూ ఒక చీరా. పైగా పసికందుకు సున్నిపిండి అసలే వద్దని పిల్లల వైద్యులు ఇప్పుడు చెబుతున్నారు. రెండూ నిజమే. అనుభవం ఉన్న చెయ్యి కూడా తప్పు చేయగలదు. అయితే దీనివల్ల ఇంటి చెయ్యి గెలిచినట్టు కాదు. బోర్డు కట్టిన ప్రతి పార్లరూ నేర్చిన చెయ్యి కాదని మాత్రం తేలుతుంది. గాఢమైన పీల్‌లు కొనుక్కుని వైద్యుల పర్యవేక్షణ లేకుండా ఇంట్లో వాడొద్దని అమెరికా ఆహార, ఔషధ సంస్థ 2024లో హెచ్చరించాల్సి వచ్చిందంటే, ప్రమాదం సీసా ఇల్లు చేరడంలో లేదు, దాని వెంట చెయ్యి రాకపోవడంలో ఉంది.

రాలబోయేదాన్ని రాల్చడానికి బావంచాలు తీసేసిన పిండి, తేలిక చెయ్యి చాలు. వారానికో పండక్కో చాలు. ఇంకా రాలనిదాన్ని తీయించాలంటే మాత్రం ఇంటి పట్టుదల పనికిరాదు. అప్పుడు చూడాల్సింది ఏసీ గదినీ, ఫీజునూ కాదు. మంత్రసానికున్న ఒక గుణాన్ని చూడాలి. ఆవిడ ఒక్కనాటితో వెళ్ళిపోయేది కాదు. మర్నాడు పొద్దున్నే వచ్చి, నిన్న తాను రుద్దిన ఒంటినే మళ్ళీ కాళ్ళ మీద వేసుకునేది.