కోటా శిలాజ చేపలు

ప్రాణహిత–గోదావరి లోయలోని సున్నపురాళ్లలో దొరికిన జురాసిక్ కాలపు మంచినీటి చేపల అవశేషాలు. వయసు సుమారు 18 కోట్ల ఏళ్లు. మహారాష్ట్రలోని సిరోంచ దగ్గర, ప్రాణహిత ఒడ్డునున్న కోటా గ్రామం పేరే ఈ శిలాసమూహానికి స్థిరపడింది. ఇవే పొరలు తెలంగాణలోనూ ఉన్నాయి.

జాతులు: 1851లో వర్ణించిన లెపిడోటిస్ దక్కనెన్సిస్ వీటిలో ప్రసిద్ధం. దాని పొలుసులు పలకల్లా మందంగా, ఎనామిల్ మెరుపుతో, పెంకులు పరిచినట్లు వరుసగా ఉంటాయి. పారాడపీడియం, ఫోలిడోఫోరస్‌లు కూడా ఇక్కడ దొరికాయి; సీలకాంత్ వర్గపు ఇండోసీలకాంతస్ రోబస్టస్‌ను 1974లో సోహన్‌లాల్ జైన్ వర్ణించారు.

పరిణామం: ఫోలిడోఫోరస్ వంటివి నేటి ఎముక చేపల పూర్వరూపాలకు దగ్గరివి. తర్వాతి చేపల్లో ఆ బరువైన కవచం పోయి, నేడు మనం కత్తితో గీకేసే రవ్వ, బొచ్చెల పలుచని పొలుసులు వచ్చాయి.

ఉత్తరాంధ్ర: కోటా పొరలకు భిన్నంగా, శ్రీకాకుళం, విజయనగరం కొండలు ప్రధానంగా ఖోండలైట్, చార్నోకైట్ శిలలతో ఏర్పడినవి. ఇవి చేపలు పుట్టకముందే భూగర్భపు వేడికీ ఒత్తిడికీ రూపాంతరం చెందినవి. అందుకే వాటిలో చేపల శిలాజాలు ఉండవు.