చిత్తి, పిన్ని, చిన్నమ్మ

మద్రాసు దూరదర్శన్ కేంద్రం 1975 ఆగస్టు 15న మొదలైంది, హైదరాబాదు కేంద్రం 1977 అక్టోబరులో. అరక్కోణం తెలుగువారికి ఈ రెండేళ్ళ తేడాకంటే దూరం తేడాయే ముఖ్యం. మద్రాసుకు డెబ్భై కిలోమీటర్ల లోపున్న ఆ జంక్షన్‌లో మిద్దెల మీది యాంటెనాలకు అందింది మద్రాసు బొమ్మ. తిరుత్తణి తాలూకా 1960 ఏప్రిల్ 1న మద్రాసు రాష్ట్రంలో చేరాక ఆ చుట్టుపక్కల బడి భాష ఎటూ తమిళమే. ఇక సాయంకాలపు వినోదమూ తమిళమే అయింది. ఉపగ్రహ ఛానెళ్ళు, 1995లో జెమినీ, ఈటీవీ, వచ్చేదాకా ఇంట్లోని తెలుగుకు తెరమీద తోడు అరుదు.

ఈ నేపథ్యంలో రాధిక కథ మాకు ఆసక్తి కలిగించింది. ఆమె తమిళ నటుడు ఎం.ఆర్. రాధా కుమార్తె. 1978లో భారతీరాజా 'కిళక్కే పోగుం రయిల్'తో సినిమాకు వచ్చింది. తెలుగులో 'న్యాయం కావాలి' (1981), విశ్వనాథ్ గారి 'స్వాతిముత్యం' (1986), 'స్వాతికిరణం' (1992) ఆమెను మనింటి మనిషిని చేశాయి. సినిమా కథానాయికలు అక్క, వదిన వేషాలకు జారే వయసులో ఆమె మాత్రం టీవీ సీరియళ్ళ నిర్మాణంలోకి దిగింది. తన రాడాన్ సంస్థ తీసిన 'చిత్తి'లో తానే ప్రధాన పాత్ర. 1999 చివరినుంచి 2001 దాకా సన్ టీవీలో నడిచిన ఆ సీరియల్ తెలుగులో 'పిన్ని'గా జెమినీలో వచ్చింది. ఒకే చిత్రీకరణ, రెండు భాషల రాబడి. నటి యజమాని కూడా అయితే ఈ లెక్క బాగా తెలుస్తుంది.

మాకు కుతూహలం పుట్టించింది మాత్రం పేరు. చిత్తి అన్నప్పుడు పెదవులు కలవవు. పిన్ని అనడానికి మొదటే కలవాలి. ముఖాన్ని దగ్గరగా చూపే సీరియల్‌లో ఒక పిల్ల చిత్తీ అని పిలిచిన చోట పిన్నీ వినిపిస్తే కన్ను ఒకటి చెబుతుంది, చెవి మరొకటి. అమ్మ, అక్క అన్నచోట రెండు భాషలకూ పేచీ లేదు. డబ్బింగు రచయితకు ప్రతి చుట్టరికమూ ఇంత సులువైతే ఎంత బాగుండేది!

రెండు ఛానెళ్ళూ వచ్చే ఇంట్లో ఇది ఇంకో మలుపు తిరిగింది. అరక్కోణం, వేలూరు, గుడియాత్తం వైపు తెలుగు ఇళ్ళలో మేము విన్న మాట చిన్నమ్మ. అమ్మ చెల్లెలూ చిన్నమ్మే, చిన్నాన్న భార్యా చిన్నమ్మే. తమిళులకూ ఆ మాట కొత్త కాదు. వాళ్ళూ చిన్నమ్మా అంటారు. అంటే రెండు భాషలకూ పొత్తుగా ఒక మాట ఇంట్లోనే ఉంది. సీరియల్ పేరు మాత్రం ఒక తెరమీద చిత్తి, ఇంకో తెరమీద పిన్ని. పిన్ని తప్పు మాటేమీ కాదు, కోస్తాలో అది నిక్షేపంలాంటి ఇంటిమాట. కాని టీవీలో వినబడ్డ తెలుగే అసలు తెలుగు, మనది అరవ యాస అనుకునే పిల్లలకు అది దిద్దుబాటుగా తోచింది. ఇంట్లో ఎగతాళి పడ్డ మాట మొదట బడి వ్యాసంలోంచి పోతుంది, తరువాత నోట్లోంచి.

మా తరగతిలో గుడియాత్తం నుంచి వచ్చిన ఒక విద్యార్థిని తన ఊరి పెళ్ళి గురించి రాస్తూ చిన్నమ్మ అని రాసి, కొట్టేసి, పైన పిన్ని అని దిద్దింది. మేము దిద్దుబాటును కొట్టేసి, కింది మాటనే ఉంచమన్నాం. "మార్కులు పోవు కదా సార్?" అని అడిగింది.